బొబ్బట్టు ముక్క, వంటింటి తాళం

ప్రశ్న: మాది కావలి. సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు అయిదు. బాబుకు పాలు, గుడ్లు, గోధుమ, వేరుశనగ, జీడిపప్పు పడవు. రెండేళ్ల వయసులోనే చెన్నైలో పరీక్షలు చేసి తేల్చారు. అప్పటినుంచీ వంటంతా నా చేతిమీదే. మొన్న ఉగాదికి పక్కింటివాళ్లు పంపిన బొబ్బట్టులో ఇంత ముక్క తుంచి మా అత్త వాడి నోట్లో పెట్టింది. ‘కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పోతుంది’ అంటుంది. పది నిమిషాల్లో పెదాలు వాచాయి, వాంతి, ఆయాసం. ఆసుపత్రిలో రాత్రంతా ఉంచారు. ఆ రోజునుంచీ ఆవిడతో నాకు మాటల్లేవు. వంటింటికి తాళం వేసి, చెవి నాతోపాటే ఆఫీసుకు తీసుకెళ్తున్నాను. మా ఆయన ‘అమ్మ తెలియక పెట్టింది, వదిలెయ్’ అంటారు. కడుపుతో ఉండగా నేను శనక్కాయలు తెగ తిన్నందుకే ఇలా అయిందని ఆడబిడ్డ దెప్పుతుంది. ఈమధ్య నేనే ఓ ల్యాబ్ ప్యాకేజీలో రక్తపరీక్ష చేయిస్తే ఇంకో పద్నాలుగు రకాలు పడవని వచ్చింది. కందిపప్పు, వంకాయ, చేపలు కూడా ఆపేశాను. వాడు బరువు పెరగడం లేదు. నిరుడు నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్లి ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చాను. గోధుమ రొట్టె కదా, వాడికి పెట్టలేదు. దానికీ అత్త ఏడ్చింది. మే నెలలో పాప పుట్టినరోజు. బేకరీ నుంచి క్రీం కేకు తెమ్మంటే కుదరదన్నాను. ‘తమ్ముడు లేకపోతే బాగుండేది’ అంది. వేరు కాపురం పెట్టేద్దామనుకుంటున్నాను. తప్పంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బొబ్బట్టు దగ్గర ఆగాను. రెండోసారి తాళం దగ్గర ఆగాను.

ముందు బొబ్బట్టు సంగతి. మీ అత్తగారు చేసింది తప్పు, అందులో అనుమానం లేదు. పూర్ణం చుట్టూ గోధుమో మైదానో, పైన నెయ్యి. వాడికి పడనివి రెండు ఒక్క ముక్కలో ఉన్నాయి. నెయ్యి కాచితే పాలగుణం పోతుందని మన పెద్దవాళ్ల నమ్మకం. ఎంత కాచినా పాల మాంసకృత్తులు కాస్తయినా మిగులుతాయి. వాడి ఒంటికి ఆ కాస్తే చాలు. ‘తెలియక పెట్టింది’ అన్న మీ వారి మాట కూడా నాకు నచ్చలేదు. ఆవిడ తెలియక పెట్టలేదు, ఒక నమ్మకంతో పెట్టింది. తెలియకపోతే చెప్తే సరిపోతుంది. నమ్మకాన్ని మార్చాలంటే ఆవిడ మాట వినే మనిషి చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ పని మీరు చేశారు. అందుకే అది తెగలేదు. కోడలి నోటినుంచి వచ్చిన జాగ్రత్త అత్తకు ఎప్పుడూ పెత్తనంలాగే వినిపిస్తుంది.

ఆవిడ మాటలో ఒక పిసరు నిజం కూడా ఉంది. అలవాటు చేసే వైద్యం ఒకటి నిజంగానే ఉంది. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఎలర్జీ డాక్టర్లు మిల్లీగ్రాముల లెక్కన మొదలుపెట్టి, పక్కన ఇంజెక్షన్ పెట్టుకుని, నెలల తరబడి పెంచుకుంటూ పోతారు. అది బొబ్బట్టు తుంచినట్టు చేసే పని కాదు. ఈ మాట అత్తగారికి చెప్పండి. ‘మీరు పూర్తిగా పొరపాటు’ అన్నదానికంటే ‘మీరన్నది ఉంది, ఇంట్లో చేసేది కాదు’ అన్నది ఆవిడ చెవికెక్కుతుంది. అయిదేళ్ల వయసులో ఉన్న పాలు, గుడ్డు, గోధుమ ఎలర్జీలు చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతాయి. వేరుశనగ, జీడిపప్పు అంత తొందరగా వదలవు. పోయిందో లేదో తేల్చాల్సింది ఆసుపత్రిలో డాక్టరు ముందు. వంటింట్లో కాదు.

ఆడబిడ్డ మాటకు ఒక్క వాక్యం చాలు. కడుపుతో ఉన్న తల్లి శనక్కాయలు తింటే బిడ్డకు ఈ జబ్బు వస్తుందని ఏ డాక్టరూ చెప్పడు, ఆ బరువు దించేయండి.

ఇక తాళం. మీరు పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రారు. అప్పటిదాకా బాబు ఎవరి దగ్గర ఉంటాడు? ఉత్తరంలో మీరు రాయలేదు గానీ నాకు అర్థమైంది. నాయనమ్మ దగ్గరే. రోజుకు ఎనిమిది గంటలు వాడిని చూసుకునే మనిషికి వాడికి ఏం పెట్టాలో తెలియదు, వాడికి ఏదైనా అయితే ఏం చెయ్యాలో తెలియదు, పైగా మీతో మాటల్లేవు. తాళం బొబ్బట్టును ఆపగలదు. పక్కింటి పిల్లాడి చేతిలో ఉన్న పల్లీ చిక్కీని ఆపలేదు.

అందుకని చెన్నై డాక్టరు దగ్గరికి ఈసారి నలుగురూ వెళ్లండి. మాట్లాడాల్సింది మీరు కాదు, మీ వారు. మీ ఉత్తరం మొత్తంలో ఆయన చేసిన పని ఒక్కటీ నాకు కనబడలేదు. ‘మా అమ్మ దగ్గర బాబు ఉంటాడు, ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి’ అని ఆయన అడగాలి. ప్రమాదం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలుగులో ఒక కాగితం మీద రాయించుకుని గోడకు అంటించండి. దద్దుర్లు మాత్రమే వస్తే ఏం చెయ్యాలి, ఆయాసం, గొంతు బిగుసుకోవడం, వాంతులతో పాటు మగత వస్తే ఏం చెయ్యాలి అన్నది అందులో విడివిడిగా ఉండాలి. రెండో రకానికి మొదటి మందు ఎడ్రినలిన్. తొడ బయటివైపు కండరంలో ఇస్తారు. ఎలర్జీకి మనం ఇంట్లో ఉంచుకునే మాత్రలు, సిరప్పులు దురద తగ్గిస్తాయి గానీ ఊపిరిని కాపాడలేవు. ఆ ఇంజెక్షన్ మీ ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎవరు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నది డాక్టర్నే అడిగి, అక్కడే అత్తగారి చేత చేసి చూపించమనండి. వాడు కాస్త తేరుకోగానే ఇంటికి తెచ్చేయకూడదు, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది. మొన్న రాత్రంతా ఉంచింది అందుకే. 108కి ఫోన్ చెయ్యడం ఆవిడకు వచ్చా? రాకపోతే నేర్పండి. దిష్టి తియ్యాలనుకుంటే ఆసుపత్రి నుంచి వచ్చాక తియ్యమనండి, ఎవరూ కాదనరు.

అదే రోజు ఆ ప్యాకేజీ రిపోర్టు కూడా డాక్టరు ముందు పెట్టండి. అందులో ‘ఐజీజీ’ అని ఉందేమో చూడండి. ఉంటే దానికీ ఎలర్జీకీ సంబంధం లేదు. వాడు ఆ పదార్థం తిన్నాడన్నదానికి గుర్తు, అంతే. ఎలర్జీకి చూసే ‘ఐజీఈ’ అని ఉన్నా సరే, తిని ఏనాడూ ఏమీ కాని పదార్థాన్ని రక్తంలో అంకె చూసి ఆపకూడదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన పిల్లాడికి చేపల పులుసు లేకుండా చేశారు! పులుసులో పాలు లేవు, గుడ్డు లేదు, గోధుమ లేదు, పప్పుల్లేవు. వాడికి దేవుడు రాసిపెట్టిన కూర అది. డాక్టరు సరేనంటే మొదట కందిపప్పు, చేప వెనక్కి తెచ్చుకోండి. పాలు లేని పిల్లాడికి ఎముక బలం ఎక్కడిదని భయపడుతున్నారేమో. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగి సంకటి, రాగి అంబలి మనకు కొత్తా?

ఇప్పుడు అసలు విషయం, వంటిల్లు. పాత్రల్లో, పొడుల్లో దాక్కున్నవి మీరు పట్టుకున్నారో లేదో నాకు తెలియదు గానీ చాలామంది పట్టుకోలేరు. ఇంగువ చూడండి. మనం కొనే డబ్బాల్లో చాలావాటిలో ఇంగువతో పాటు గోధుమపిండో మైదానో కలుస్తుంది. డబ్బా వెనక చదివేదాకా నాకూ తెలియదు, నలభై ఏళ్లు పులిహోరలో వేశాను. మిక్సీ జారు అడుగున బ్లేడు కింద ఉండే రబ్బరు ఊడదీసి చూడండి, నిరుటి పల్లీ పచ్చడి ఉంటుంది. బాబుకు విడిగా ఒక జారు, ఒక గరిటె, ఒక మూకుడు పెట్టండి. పూరీలు వేసిన నూనెలో వాడికి వడలు వెయ్యకండి. గానుగ నూనె మంచిదని ఈమధ్య అందరూ వేరుశనగ గానుగ పట్టిస్తున్నారు, మీ ఇంట్లో అది వద్దు. ప్యాకెట్ల మీద 2020 నిబంధనల ప్రకారం పాలు, గుడ్లు, గోధుమ, వేరుశనగలాంటివి ఉంటే ఉన్నట్టు రాయాలి, చదవండి. విడిగా తూచి ఇచ్చే మిఠాయికి చదవడానికేమీ ఉండదు కాబట్టి దాన్ని తాకకండి.

అన్నిటికంటే మోసం చేసేది పిండిమర. ‘బియ్యప్పిండే కదా’ అని తెస్తాం. మన బియ్యానికి ముందు ఎవరో గోధుమలు ఆడించి వెళ్లి ఉంటారు. మొదటి దోసెడు పిండిలో అది వస్తుంది. అందుకే బియ్యం, జొన్నలు, రాగులు ఇంట్లోనే ఆడించాలి.

ఇక్కడే మీ అత్తగారు కావాలి. బియ్యం నానబెట్టి, నీళ్లు వార్చి, తడిపిండి దంచి జల్లించడం మీకంటే ఆవిడకు బాగా తెలుసు. పాలు, గుడ్లు, మైదా లేకుండా తీపి వండడం మనకు కొత్తగా వచ్చిన విద్య కాదు. కేకు మనకు తర్వాత వచ్చింది. ఉండ్రాళ్లు, కుడుములు, చలిమిడి, కొబ్బరి బూరెలు, అరిసెలు. నెయ్యి తీసేసి పొద్దుతిరుగుడు నూనె పోస్తే వీటిలో చాలావరకు మీ బాబువే. ‘నీకు పడనిది’ అని వాడి పళ్లెం పక్కన పెట్టే బదులు, పండగ వంటే వాడు తినేలా వండితే అందరూ అదే తింటారు. ఒక ఆదివారం తాళం తీసి, ‘అత్తా, మీ చేత్తో బూరెలు వండండి, బాబు తినేట్టు’ అనండి. మీరు పక్కన కూర్చుని పప్పు ఏరండి. మాటలు అవే వస్తాయి. మొదటి రోజు నాలుగే వస్తాయి, పర్వాలేదు. అప్పటికీ ఆవిడ చాటుగా ఏదైనా పెడితే, అప్పుడు వేరు కాపురం గురించి ఆలోచించడం తప్పు కాదు. ఇప్పుడే పెడితే మీ ఉద్యోగ వేళల్లో బాబును చూసేది ఎవరు? మీకు తెలియని ఆయా. ఆవిడకూ ఇదంతా మొదటినుంచి నేర్పాల్సిందే.

రొట్టె సంగతి కూడా. రొట్టెల పండగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర మొక్కుకున్నది మీరు, తినాల్సింది మీరు, మీ వారు. వాడి నోట్లో పెట్టకపోతే మొక్కు చెడదు. ఆవిడ ఏడ్చింది రొట్టె కోసం కాదు, భయంతో. ఆ బొబ్బట్టు రాత్రి నుంచీ ఆవిడ కూడా నిద్రపోయి ఉండదు.

పాప అన్న మాటకు మీరు కొట్టలేదని ఆశిస్తున్నాను. అయిదేళ్లుగా ఇంట్లో ఏ పండగైనా తమ్ముడి చుట్టూనే తిరిగింది. పుట్టినరోజు పొద్దున దాన్ని నాన్న బేకరీకి తీసుకెళ్లాలి. మీరు వెళ్లకండి, మీరు వెళ్తే లేబుళ్లు చదువుతారు. క్రీం కేకు అక్కడే స్నేహితులతో తిని రానివ్వండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు, మూతి కడుక్కుని బట్టలు మార్చుకుంటే చాలు. శానిటైజర్ రాస్తే పోదు, సబ్బు, నీళ్లే కావాలి. సాయంత్రం ఇంట్లో అందరూ తినే కేకు.

దానికి లెక్క ఇది. బియ్యప్పిండి ఒక కప్పు, రాగిపిండి అర కప్పు, బెల్లం పొడి ముప్పావు కప్పు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంటసోడా అర చెంచా, చిటికెడు ఉప్పు. బాగా మాగిన అరటిపండ్లు రెండు మెదిపి, చిక్కటి కొబ్బరిపాలు ఒక కప్పు, నూనె పావు కప్పు కలపండి. కొబ్బరి వాడు ఇదివరకు తిన్నదే అయితే. పెద్ద చెంచాడు అవిసెగింజల పొడి మూడు చెంచాల నీళ్లలో నానబెడితే జిగురుగా అవుతుంది, గుడ్డు చేసే పని అది చేస్తుంది. గోధుమలో ఉండే సాగుడు బియ్యప్పిండికి లేదు కాబట్టి ఈ జిగురు లేకపోతే కేకు పొడిపొడి అవుతుంది. అవిసెగింజలు వాడికి కొత్తయితే ముందు డాక్టర్ని అడిగి, ఓ రోజు కాస్త పెట్టి చూశాకే వాడండి. పుట్టినరోజు నాడు కొత్తది పెట్టకూడదు. చివర్లో పెద్ద చెంచాడు నిమ్మరసం పిండండి. సోడాతో కలిసి పొంగుతుంది, ఆలస్యం చెయ్యకుండా గిన్నెలో పోసేయండి. 180 డిగ్రీల్లో నలభై నిమిషాలు. ఓవెన్ లేకపోతే మందపాటి కుక్కర్‌లో ఉప్పు పరిచి, రబ్బరు, విజిలు తీసేసి సన్నమంట మీద పెట్టండి. వేడిమీద కోస్తే విరిగిపోతుంది, పూర్తిగా చల్లారనివ్వండి. బేకింగ్ పౌడర్ డబ్బా వెనక కూడా చదవండి, కొన్నింటిలో గోధుమ గంజి ఉంటుంది.

జూన్‌లో బాబును బళ్లో వేస్తారేమో. సర్కారు బడి అయితే మధ్యాహ్న భోజనంలో గుడ్డు, పల్లీ చిక్కీ ఇస్తారు. హెడ్మాస్టర్ని కలిసే పని, ఆ గోడ కాగితం నకలు ఇచ్చే పని మీ వారిది.

కేకు గిన్నెకు వెన్న రాసి మైదా చల్లే అలవాటు మనకుంది, అది మీ ఇంట్లో పనికిరాదు. అరిటాకు కాస్త వాడ్చి అడుగున పరచండి. దాన్ని గుండ్రంగా ఎలా కత్తిరించాలో మీ అత్తగారిని అడగండి.