మా ఊరి గట్టు, మీ ఊరి వరద

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది కోనసీమలో గోదావరి ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరు. పెళ్లయి చెన్నై వచ్చి పదమూడేళ్లయింది. అప్పటినుంచీ వేళచేరిలో అద్దె ఇంట్లోనే ఉంటున్నాము. 2015 డిసెంబరులో మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఇప్పుడు సొంత ఇల్లు కొందామంటే మా అమ్మ, "ఆ మునిగే ఊళ్లో వద్దు, సముద్రమూ భూకంపమూ లేని బెంగళూరులో కొనుక్కోండి" అని పట్టుబడుతున్నది. మావారు అడిగితే బెంగళూరుకు బదిలీ దొరుకుతుంది. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ నేనేమో అమ్మకు ఫోన్ చేసి, హైదరాబాదులో అన్నయ్య దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపొమ్మని బతిమాలుతాను. ఆవిడ నవ్వేస్తుంది. మా ఇద్దరిలో ఎవరి భయం సబబైనది?
– ఒక పాఠకురాలు, వేళచేరి, చెన్నై

జవాబు: ఇద్దరిదీ సబబే. కాకపోతే ఇద్దరూ భయపడుతున్నది ఎదుటివారి ఊరిని చూసి.

మీ అమ్మగారికి గోదావరి వరద ఒక లెక్క. భద్రాచలంలో నీటిమట్టం పెరిగిందంటే తమ ఊరికి ఇంకా ఎంత వ్యవధి ఉందో, ధవళేశ్వరంలో 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఏ లంకలోకి నీళ్లు ఎక్కుతాయో, 17.75 అడుగుల దగ్గర మూడోది ఎగరేసే లోపల పశువులను గట్టు మీదికి ఎప్పుడు తోలాలో ఆవిడకు ఒకరు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదను, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసిన 1996 నవంబరు 6 నాటి తుఫాను రాత్రిని ఆ తరం కోనసీమలో మరచిపోయినవారు ఉండరు. అయినా ఆవిడ నవ్వగలుగుతున్నది, ఎందుకంటే ఏమి చేయాలో తెలుసు. చెన్నై వరద మాత్రం ఆవిడకు టీవీలో బొమ్మగానే వచ్చింది, లెక్కగా రాలేదు. మీ సంగతి ఇందుకు తిరగేసి ఉంటుంది. వాయుగుండం అన్న మాట వినబడగానే మీ పేటవాళ్లు కార్లు తీసుకుపోయి వేళచేరి ఫ్లైఓవర్ మీద బారులు తీర్చి వస్తారు. ఆ దృశ్యం చూస్తే మీ అమ్మగారికి గుండె ఆగినంత పనవుతుంది గానీ, మీకు అది మబ్బు పట్టగానే ఆరేసిన వడియాలు లోపలికి తెచ్చుకోవడం వంటి పని.

ప్రమాదాలను మనుషులు ఎలా తూకం వేస్తారో జీవితకాలం పరిశోధించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ 1987లో రాసిన వ్యాసంలో రెండు గుణాలను ముఖ్యంగా ఎత్తిచూపాడు. ఒకటి, తలచుకోగానే దడ పుట్టించడం. రెండు, దాని తీరు మనకు తెలియకపోవడం. ఒక ఆపద ఏటా ఎంతమందిని చంపుతుందన్న లెక్కకన్నా ఈ రెండే సామాన్యుల భయాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. పరాయి ఊరి ఆపదలో ఈ రెండూ కలిసి ఉంటాయి. సొంత ఊరి ఆపదలో రెండోది ఉండదు, మొదటిది కాలక్రమాన అరిగిపోతుంది.

దీనికి ఇంటి ఉదాహరణే ఉంది. చెన్నై మునిగిన 2015లోనే, మే నెలలో, రెండు తెలుగు రాష్ట్రాలలో వడగాడ్పులకు ప్రభుత్వ లెక్కల ప్రకారమే 1,500 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివరి వానలకు తమిళనాడులో పోయినవారు 400 పైచిలుకు. డిసెంబరులో చెన్నైలోని తెలుగువాళ్లందరికీ ఊళ్లనుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి, నాకూ వచ్చాయి. మే నెలలో మాత్రం "అక్కడ ఎండలకు చచ్చిపోతారు, బయలుదేరి వచ్చేయండి" అని నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. ఎండకు బొమ్మ లేదు. ఉపాధి పనికి పోయినవాడు ఒకడు, మేకలు కాసుకునే ముసలామె ఒకతె, ఒక్కొక్కరుగా తమ తమ ఊళ్లలో కూలిపోతారు తప్ప, హెలికాప్టర్ నుంచి తీయడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక బెంగళూరు. సముద్రం లేదు, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, 2002 నాటి భూకంప పటంలో అన్నిటికన్నా తక్కువదైన జోన్ 2. మీ అమ్మగారు చెప్పింది దాదాపు నిజం. అయితే అంత ఎత్తున ఉన్న ఊళ్లోనే 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యెమలూరు వైపు ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. ఒక చెరువు నిండితే మరవ (అలుగు) పారి కింది చెరువుకు చేరేలా పూర్వులు గొలుసు కట్టిన ఊరది. ఆ చెరువులను కలిపే రాజకాలువల మీద కట్టడాలు లేచాక నీళ్లకు వీధులే కాలువలయ్యాయి. 2024 వేసవిలో అదే ఊళ్లో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు.

మన చెన్నై కథ కూడా అదే. త్యాగరాయనగరం 1920లలో మాంబళం చెరువును పూడ్చి కట్టిన పేట. అప్పుడు మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) మన పానగల్ రాజావారు. పార్కుకు ఆయన పేరు, పేటకు పిట్టి త్యాగరాయశెట్టిగారి పేరు పెట్టారు. చెరువుకు గుర్తుగా వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు మిగిలింది. ఆ రోడ్డు మీద నిలబడి నేను చాలాసార్లు వెతికాను, వానాకాలంలో తప్ప లేక్ కనిపించదు.

అందువల్ల "చెన్నైనా, బెంగళూరా" అన్న ప్రశ్నకు వరద పేరు చెప్పి జవాబు వెతకకండి. మీవారికి అక్కడ మంచి పని ఉంది, పిల్లల చదువు బాగుంటుంది అనుకుంటే వెళ్లండి. నీళ్లకు భయపడి మాత్రం వెళ్లవద్దు, ఎందుకంటే నీళ్లు ఊరి పేరు చూసి రావు, వీధి పల్లాన్ని చూసి వస్తాయి. 2023లో మిగ్‌జాం తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, మునిగింది మన చెన్నై. ఆ చెన్నైలోనైనా ఒకే వీధిలో మొదటి ఇంట్లో నడుము లోతు, పదో ఇంటి మెట్లు తడవనైనా లేదు.

ఇల్లు చూడబోయినప్పుడు బ్రోకరును అడగడం దండగ. వీధి మొదట్లో ఇస్త్రీ బండివాడిని, ఎదురింటి వాచ్‌మన్‌ను అడగండి. 2015లో ఎంతవరకు, 2023లో ఎంతవరకు అన్నది వాళ్లు చేత్తో గోడ మీద చూపిస్తారు. కరెంటు మీటరు బోర్డు ఎంత ఎత్తున బిగించారో చూడండి. ఒకసారి మునిగిన అపార్టుమెంటులో దాన్ని తరువాత పైకి జరిపి ఉంటారు, పాత మేకుల గుంతలు కింద కనిపిస్తాయి. రోడ్డు మీదనుంచి గేటులోకి దిగవలసి వస్తున్నదా, ఎక్కవలసి వస్తున్నదా గమనించండి. పాతది చెక్కకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల, కట్టిననాడు ఎత్తున ఉన్న ఇల్లు ఇరవై ఏళ్లకు గుంతలో పడుతుంది. పాత సర్వే రికార్డులో ఆ స్థలం ఏరి పొరంబోకు అని ఉందేమో లాయరు చేత చూపించండి. తమిళంలో ఏరి అంటే చెరువే. కింది అంతస్తు మాత్రం ఎంత తక్కువ ధరకు వచ్చినా వద్దని నా సలహా.

"2015లోనే ఇక్కడికి రాలేదండీ, ఇక రాదు" అన్న మాట మీకు తప్పక వినిపిస్తుంది. రాబర్ట్ కేట్స్ అనే భూగోళ శాస్త్రవేత్త అమెరికాలో వరద మైదానాలలో ఉండేవారిని విచారించి 1962లోనే ఈ సంగతి రాశాడు: తాము చూసిన పెద్ద వరదకన్నా పెద్దది వస్తుందని ఊహించడం మనుషులకు చాలా కష్టం. ఈ హెచ్చరిక మీ అమ్మగారికి కూడా వర్తిస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమలో దాదాపు పదివేలమంది పోయారు. 1990 మేలో ఆ తీరానికే అంత బలమైన తుఫాను వచ్చినా, ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించినందువల్ల చనిపోయినవారు వెయ్యి లోపే. ఆవిడను ఊరు విడిచి రమ్మనకండి, రారు. అధికారులు కదలమన్నప్పుడు "ఇలాంటివి ఎన్ని చూడలేదు" అనకుండా కదులుతానని మాట తీసుకోండి.

ప్రశ్న: వార్తా ఛానెళ్లు చూడడం మానేస్తే ఇలాంటి భయాలు తగ్గుతాయా?
– ఒక పాఠకుడు, కోడంబాకం

జవాబు: చాలావరకు తగ్గుతాయి. ఏది సులభంగా గుర్తుకొస్తే అదే తరచుగా జరుగుతున్నదని మనసు అనుకుంటుందని ట్వెర్‌స్కీ, కానెమన్ 1973లో చూపించారు. ఒకే వంతెన మునగడాన్ని నలభైసార్లు చూపిస్తే నలభై వంతెనలు మునిగినట్లే ఉంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది చనిపోయినా, హెల్మెట్ లేకుండా కోయంబేడు దాకా వెళ్లిరావడానికి మనం జంకము. వాతావరణ శాఖ ప్రకటన మాత్రం మానవద్దు. అది రెండు నిమిషాల పని.

ప్రశ్న: మా అబ్బాయికి గువాహటిలో ఉద్యోగం వచ్చింది. అది భూకంపాల జోన్ 5 అని మా ఇంటావిడ వద్దంటున్నది. పంపవచ్చునా?
– ఒక తండ్రి, పెరంబూరు

జవాబు: పంపండి. జోన్ అన్నది భూమి ఎంత బలంగా ఊగవచ్చునో చెబుతుంది, మీ అబ్బాయి పడుకునే గది నిలుస్తుందో లేదో చెప్పదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరులో దాదాపు పదివేలమంది చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువదైన జోన్ 1లో ఉండేది. మట్టితో పేర్చిన మందపు రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. అస్సాంవాళ్లు 1897 భూకంపం తరువాత కర్ర చట్రానికి రెల్లు తడికలు కట్టి, వాటికి మట్టి మెత్తి, పైన రేకులు వేసుకునే ఇళ్లు నేర్చుకున్నారు. వాటిని ఇప్పటికీ అస్సాం టైపు ఇళ్లంటారు. కోనసీమవాళ్లకు గట్టు ఎలాగో వారికి ఆ ఇల్లు అలాగ. ఇటీవలి కాంక్రీటు భవనాలలో మాత్రం మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. కింద గోడలు లేకుండా స్తంభాల మీద కార్లు పెట్టుకునే అపార్టుమెంటులో గది తీసుకోవద్దని, మంచం పక్కన ఇనుప బీరువా ఉంటే గోడకు బిగించమని అబ్బాయికి చెప్పండి. మీ ఇంటావిడకు చెన్నై కూడా 2002లో జోన్ 2 నుంచి జోన్ 3కి మారిందన్న సంగతి ఇప్పుడే చెప్పనక్కరలేదు.