చెరువు హద్దు అటవీ పటం మీద ఎందుకు పక్కకు జరుగుతోంది?

రెండు పటాలనూ కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పెడితే, నీటిపారుదల శాఖ పటంలోని చెరువు, అటవీ శాఖ పటంలోని అదే చెరువుకు వంద మీటర్లకు పైగా పక్కన పడుతోందని, ఎందుకని ఒకరు అడిగారు. సర్వే తప్పు అనుకోకండి. చాలావరకు ఇది డేటమ్ తేడా, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధారంలో తేడా. పాత టోపోషీట్లు (సర్వే ఆఫ్ ఇండియా పటాలు) ఎవరెస్ట్ డేటమ్‌లో ఉంటాయి, జీపీఎస్ కొలతలు డబ్ల్యూజీఎస్84లో.

1. రెండు శాఖలూ పంపిన ఫోల్డర్లలో .పీఆర్‌జే ఫైలు (పటం ఏ డేటమ్‌లో ఉందో చెప్పేది) ఉందా చూడండి. చాలా సార్లు గీతలుండే .ఎస్‌హెచ్‌పీ ఫైలు ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటారు. లేకపోతే పటం దేని నుంచి గీశారో ఆ శాఖనే అడగండి, ఊహించవద్దు.

2. పాత టోపోషీటు నుంచి గీసినదైతే, క్యూజీఐఎస్‌లో (పటాల సాఫ్ట్‌వేర్) ఆ లేయర్‌కు, అంటే ఆ పటం పొరకు, ముందు "సెట్ లేయర్ సీఆర్‌ఎస్"తో కల్యాణ్‌పూర్ 1975 కేటాయించండి. ఇది ఎవరెస్ట్ ఆధారంగా ఉన్న డేటమ్, దాని ఈపీఎస్‌జీ కోడు సంఖ్య 4146.

3. అందరూ జారిపడేది ఇక్కడే. "సెట్ లేయర్ సీఆర్‌ఎస్" (సీఆర్‌ఎస్ అంటే పటం కొలతల పద్ధతి) పేరు మాత్రమే మారుస్తుంది, అంకెలను కదిలించదు. నేరుగా డబ్ల్యూజీఎస్84 అని పెడితే తప్పు అలాగే ఉండి, సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. 2వ మెట్టు తర్వాత "ఎక్స్‌పోర్ట్" ద్వారా కొత్త ఫైలుగా మార్చుకోవాలి. ట్రాన్స్‌ఫర్మేషన్ (డేటమ్ మార్చే లెక్క) ఎంచుకోమంటే "బాల్‌పార్క్" అన్నది వద్దు, అది డేటమ్ తేడాను సవరించదు.

4. ఆ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే కొత్త ఫైలు సీఆర్‌ఎస్‌గా డబ్ల్యూజీఎస్84 యూటీఎం (మీటర్లలో కొలిచే పద్ధతి) జోన్ 44 ఉత్తరం (కోడు 32644) ఎంచుకోండి. అనంతపురం, జహీరాబాద్ వైపైతే 43 (32643).

5. చెరువు అంచుతో కాదు, అలుగుతో సరిచూడండి. నీటి అంచు ఏటా మారుతుంది, అలుగు రాయి మారదు.