బియ్యం డబ్బా అడుగున మాత్రలు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పెళ్లై మూడేళ్లయింది. మూసాపేటలో అత్తమామలతో కలిసి ఉంటాం. మావారు క్యాబ్ నడుపుతారు. నాకిప్పుడు ఆరో నెల. నాలుగో నెలలో ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే హెచ్ఐవీ ఉందన్నారు. తర్వాత ఆయనకు చేస్తే ఆయనకూ ఉంది. ఇద్దరం మందులు మొదలుపెట్టాం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా మాత్రల సీసా బియ్యం డబ్బా అడుగున దాచాను. మొన్న ఆడపడుచు పిల్లలతో వచ్చి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ వేసుకోలేకపోయాను. బిడ్డకు కచ్చితంగా వస్తుందని, ఆపరేషనే చేయించుకోవాలని, నా పాలు పట్టకూడదని ఫోన్‌లో చూశాను. వచ్చే నెల సీమంతం చేసి సూర్యాపేట దగ్గర మా అమ్మ వాళ్లింటికి పంపుతారు. ఆయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. 'ఎవరి నుంచి వచ్చిందో' అంటారు. రాత్రిపూట బిడ్డ కదిలితే ఏడుపొస్తోంది. ఏం చేయాలి? – ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు మిమ్మల్ని నిద్రపోనివ్వని మాటకే జవాబు చెబుతాను. బిడ్డకు కచ్చితంగా వస్తుందన్నది నిజం కాదు. ఏ చికిత్సా లేకుండా వదిలేసినా, హెచ్ఐవీ ఉన్న తల్లులకు పుట్టిన 100 మంది పిల్లల్లో అది సోకేది 15 నుంచి 45 మందికి. తల్లి సరిగ్గా మందులు వాడి, పుట్టిన బిడ్డకూ వైరస్‌ను అడ్డుకునే సిరప్ పడితే ఆ సంఖ్య 5 కంటే తక్కువకు వస్తుంది. గర్భం మొదటినుంచీ మందుల మీద ఉండి, వైరస్ పూర్తిగా అణిగిపోయిన తల్లుల విషయంలో అది 1 కన్నా తక్కువ. మీరు నాలుగో నెలలోనే మొదలుపెట్టారు. చాలామంది నొప్పులతో ఆసుపత్రికి వచ్చిన రోజు తెలుసుకుంటారు. వాళ్లతో పోలిస్తే మీ చేతిలో బోలెడంత సమయం ఉంది.

కానీ మీ జాబులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆపరేషన్ గురించీ పాల గురించీ అంత భయపడుతున్నారు గానీ, 'నాలుగు రోజులు వేసుకోలేకపోయాను' అన్నది మాత్రం మామూలుగా రాసేశారు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ మాటే.

ఎందుకో చెబుతాను. వైరస్ బిడ్డకు కడుపులో ఉండగా చేరవచ్చు, పురుడు సమయంలో చేరవచ్చు, పాల ద్వారా చేరవచ్చు. ఈ మూడింటిలోనూ ప్రమాదాన్ని పెంచేదీ తగ్గించేదీ తల్లి రక్తంలో వైరస్ ఎంతుందన్నదే. దాన్నే వైరల్ లోడ్ అంటారు. రోజుకు ఒక్క మాత్ర, అందులో మూడు మందులు. అది ఆపకుండా వేసుకుంటే వైరల్ లోడ్ వారాల్లోనే పడిపోతుంది. మధ్యలో మానితే మళ్లీ లేస్తుంది. పదేపదే మానితే మందుకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. నాలుగు రోజులు పోయినంత మాత్రాన కొంప మునిగిపోలేదు. కానీ ఈసారి ఏఆర్‌టీ సెంటర్‌కు (మీకు హెచ్ఐవీ మందులిచ్చే చోటుకు) వెళ్లినప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పండి. తిడతారని చాలామంది 'అన్నీ వేసుకున్నా' అనేస్తారు. అప్పుడు వాళ్లు తప్పు లెక్కతో మీకు వైద్యం చేయాల్సి వస్తుంది.

ఇప్పుడా బియ్యం డబ్బా సంగతి. రోజూ పొద్దున, సాయంత్రం మీ అత్తగారు చెయ్యి పెట్టే డబ్బా అది. మీరు దాచడానికి ఎంచుకున్న చోటే మిమ్మల్ని మాత్ర వేసుకోనివ్వడం లేదు. అసలు కడుపుతో ఉన్న అమ్మాయి రోజూ మాత్రలు మింగుతుంటే మనిళ్లలో ఎవరూ వింతగా చూడరు, వేసుకోకపోతేనే అడుగుతారు. సీసా మీది లేబుల్ తీసేసి, మందు మాత్రం అదే సీసాలో ఉంచి, మీ హ్యాండ్‌బ్యాగులోనో బీరువాలోనో పెట్టుకోండి. ఐరన్, కాల్షియం సీసాల పక్కన అది మూడోది అవుతుంది, అంతే.

వాటి పేరెత్తాను కాబట్టి ఒక ముఖ్యమైన విషయం. మీకిచ్చిన మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటే (ఇప్పుడు ఎక్కువమందికి అదే ఇస్తున్నారు) ఖాళీ కడుపుతో ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. అవి ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. రాత్రి తొమ్మిదింటికి, అన్నం తిన్నాక దీన్ని వేసుకోండి. ఐరన్ పొద్దున, కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత. ఫోన్‌లో అలారం పెట్టండి. ఎప్పుడైనా మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, మర్నాడు రెండు కలిపి మాత్రం వద్దు. 32 వారాలు దాటాక వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. వాళ్లు మరచిపోయినా మీరు అడిగి చేయించుకోండి. పుట్టే బిడ్డకు ఏ మందు, ఎన్నాళ్లు అన్నది ఆ రిపోర్టును బట్టే ఉంటుంది. సిఫిలిస్ పరీక్ష చేయకపోతే అదీ చేయించండి. అలాంటి సుఖవ్యాధులుంటే బిడ్డకు ప్రమాదం పెరుగుతుంది. ఇద్దరికీ హెచ్ఐవీ ఉంది కదా అని కండోమ్ మానకండి.

ఆపరేషన్ మాట. హెచ్ఐవీ ఉన్నంత మాత్రాన కోత తప్పనిసరి కాదు. వైరస్ అణిగి ఉంటే నార్మల్ డెలివరీకి అభ్యంతరం లేదు. లోడ్ ఎక్కువగా ఉంటేనో, వేరే ఇబ్బంది ఉంటేనో డాక్టరు నిర్ణయిస్తారు. మీ వంతు జాగ్రత్త ఒకటుంది. ఉమ్మనీరు పోతే నొప్పులు రానీ చూద్దాం అని ఇంట్లో కూర్చోకండి. ఉమ్మనీరు పోయాక నాలుగు గంటలు దాటేకొద్దీ బిడ్డకు ప్రమాదం పెరుగుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. మీకు హెచ్ఐవీ ఉందని పురుడు పోసేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. తెలిస్తే అవసరం లేకుండా ఉమ్మనీటి సంచి చిదమడం, కాన్పు దారి దగ్గర కోత పెట్టడం, పట్టకారుతో బిడ్డను లాగడం లాంటివి చేయరు.

అందుకే పుట్టింటి పురుడు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: హైదరాబాద్‌లోనే కనండి. మీ ఫైలు ఇక్కడ ఉంది, మందులు ఇక్కడ, మీ కౌన్సెలర్ ఇక్కడే. మీ అమ్మగారినే రప్పించుకోండి. 'డాక్టరు ప్రయాణం వద్దన్నారు' అంటే సీమంతం చేసిన ఇంట్లో ఎవరూ కాదనరు. వెళ్లక తప్పకపోతే ముందే ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పి, అక్కడికి దగ్గరలోని సెంటర్‌కు కాగితం రాయించుకోండి. మందులు అయిపోయాక వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి.

పాల గురించి మీరు చూసింది సగం నిజం. పాల ద్వారా సోకే మాట నిజమే. కానీ మీరు మందులు వాడుతూ, ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకపోతే ఆ ప్రమాదం చాలా తగ్గిపోతుంది. మన దేశంలో హెచ్ఐవీ ఉన్న తల్లులకు ఇచ్చే సలహా కూడా అదే. పోతపాలే పట్టాలనుకుంటే మొదటి రోజు నుంచీ అవే పట్టాలి. నీళ్లు, డబ్బాలు శుభ్రంగా ఉండాలి, పాలు కొనే స్తోమత చివరిదాకా ఉండాలి. ఎక్కువ ప్రమాదం రెండూ కలిపి పట్టడంలో ఉంది. పసిబిడ్డ పేగు లోపలి పొర పల్చగా ఉంటుంది. నీళ్లు, ఆవుపాలు, తేనె, గ్రైప్ వాటర్ పడితే ఆ పొర దెబ్బతిని, పాలలోని వైరస్‌కు దారి దొరుకుతుంది.

మనిళ్లలో ఇది ఎలా జరుగుతుందో నాకు తెలుసు. బిడ్డ పుట్టి గంట కాకముందే ఎవరో పెద్దావిడ వేలికి తేనె రాసి నాలుక మీద పెడుతుంది. స్నానం అయ్యాక వెండి ఉగ్గుగిన్నెలో ఆముదం, పాలు రంగరించి చిన్న ముక్కుతో గొంతులో పోస్తారు. అంతా ప్రేమే. మీరు కాన్పు మంచం మీద అలసిపోయి పడుకుని ఉన్నప్పుడు మీ అత్తగారు ఉగ్గుగిన్నె తీసుకొస్తే ఏమంటారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. అబద్ధమాడాల్సిన పని లేదు. 'ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా పట్టొద్దన్నారు అత్తయ్యా' అనండి. ఇది హెచ్ఐవీ లేని తల్లులకూ చెప్పే మాటే. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఇంటింటికీ చెబుతారు. మీ ఏరియా ఆశా చేత ఆ మాట మీ అత్తగారి ముందే చెప్పించండి. అన్నప్రాశన ఎలాగూ ఆరో నెలలోనే చేస్తాం కదా, ఆ రోజు దాకా గిన్నె అటక మీద ఉంటుంది. ఆ తర్వాత మెత్తటి తిండి మొదలుపెట్టినా పాలు ఆపక్కర్లేదు. చనుమొన పగిలినా, రొమ్ము వాచి జ్వరం వచ్చినా, బిడ్డ నోట్లో తెల్లటి పూత కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించండి. వీటివల్ల ప్రమాదం పెరుగుతుంది.

బిడ్డ పుట్టగానే నెవిరపిన్ సిరప్ మొదలవుతుంది, మామూలుగా ఆరు వారాలు. మీ లోడ్ ఎక్కువగా ఉంటే రెండు మందులు, పాలిచ్చే తల్లి అయితే 12 వారాల దాకా. ఆరో వారంలో మడమ దగ్గర చిన్న పోటు పొడిచి రక్తపు చుక్కలు కాగితం మీద తీస్తారు. అదే తొలి పరీక్ష. 18 నెలల దాకా మరికొన్ని ఉంటాయి. ఈలోగా ఆగలేక బయట ల్యాబులో మామూలు హెచ్ఐవీ టెస్టు చేయించకండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (వైరస్‌కు ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలు) బిడ్డ రక్తంలో ఏడాదిన్నర దాకా ఉండొచ్చు, బిడ్డకు వైరస్ లేకపోయినా ఆ టెస్టు పాజిటివ్ చూపించొచ్చు. ఆ కాగితం పట్టుకుని గుండె బద్దలైన తల్లులను చూశాను.

ఈ జాబు చదివే మిగతావాళ్లకు ఒక మాట. గర్భం మొదట్లో టెస్టు నెగెటివ్ వచ్చిందని ధైర్యంగా ఉండి, తర్వాత భర్త నుంచి కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదం ఇంకా ఎక్కువ. కొత్తగా సోకిన రోజుల్లో ఒంట్లో వైరస్ విపరీతంగా ఉంటుంది. అనుమానముంటే మళ్లీ పరీక్ష చేయించుకోండి. భర్తలనూ వెంట తీసుకెళ్లండి.

ఇక మీవారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ పరీక్షలు చెప్పవు. ముందు మీ రిపోర్టు వచ్చిందంటే ముందు మీకు సోకిందని కాదు, కడుపుతో ఉన్నారు కాబట్టి ముందు మీకు పరీక్ష చేశారు, అంతే. ఈ మాట మీరు చెబితే గొడవవుతుంది, ఐసీటీసీలో (హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో) కౌన్సెలర్ చేత చెప్పించండి. ఆయనా భయంతోనే బిగుసుకుపోయి ఉన్నారని నాకనిపిస్తోంది. భయపడే మగవాడికి చేతిలో ఒక పని పెట్టాలి. రాత్రి తొమ్మిదింటి అలారం ఆయన ఫోన్‌లోనూ పెట్టించండి. ఇద్దరూ ఒకే సమయానికి వేసుకోండి. మాటలు రాకపోయినా రోజుకొక్కసారి ఒకే గ్లాసు నీళ్ల దగ్గర కూర్చుంటారు.

అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ సంగతి ఎవరూ బయటపెట్టకూడదు, ఆసుపత్రి మీకు పురుడు పోయననీ అనకూడదు. కానీ మీ అమ్మగారికి చెప్పమనే అంటాను. రోజూ సిరప్ పట్టేటప్పుడు బిడ్డను ఒడిలో పట్టుకునేది ఆవిడే. మీకు జ్వరమొస్తే మాత్ర అందించేదీ ఆవిడే. గుండె ఆగిపోతుందేమోనని భయముంటే, సీమంతానికి ఆవిడ హైదరాబాద్ వచ్చినప్పుడు మీ కౌన్సెలర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. మందుల వల్ల ఏమేం సాధ్యమో ముందు అక్కడ విననివ్వండి, తర్వాత మీ సంగతి చెప్పండి. ఈలోగా భయం వేస్తే 1097కు ఫోన్ చేయండి, అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇవాళే ఆ సీసా బియ్యం డబ్బాలోంచి తీయండి. ఎనిమిదో నెలలో వైరల్ లోడ్ రిపోర్టు రాగానే నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.