వృషణ క్యాన్సర్‌కు పొట్ట స్కాన్ దేనికి?

గడ్డ వృషణంలో ఉంటే పొట్టకు సీటీ స్కాన్ ఎందుకని అడిగారు. పిండదశలో వృషణాలు మూత్రపిండాల దగ్గర ఏర్పడి కిందికి దిగుతాయి. వాటి శోషరస నాళాలు (కణజాలంలోని ద్రవాన్ని తీసుకెళ్లే లింఫ్ నాళాలు) మాత్రం పైకే వెళ్తాయి. అందుకే క్యాన్సర్ పాకితే సాధారణంగా ముందు చేరేది గజ్జల్లోకి కాదు, పొట్ట వెనుక బృహద్ధమని (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) పక్కనున్న శోషరస గ్రంథుల్లోకి. అవి చేతికి తగలవు, సీటీలో కనిపిస్తాయి.

వృషణానికే పరిమితమైతే మొదటి దశ, ఆ గ్రంథులకు చేరితే రెండో దశ. గ్రంథి 2 సెంటీమీటర్ల లోపే ఉందా, 5 దాటిందా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది. ఊపిరితిత్తులకు పాకితే మూడో దశ.

గ్రంథి సెంటీమీటరుకు అటూఇటుగా ఉంటే మాత్రం అందులో క్యాన్సర్ ఉందో లేదో సీటీ ఒక్కటే తేల్చలేదు. అప్పుడు ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ (ఈ క్యాన్సర్‌లో రక్తంలో పెరగగల పదార్థాలు) రక్తపరీక్షలు చూసి, కొన్ని వారాలాగి మళ్లీ స్కాన్ తీస్తారు. దాన్ని దయచేసి నిర్లక్ష్యం అనుకోకండి; అనవసరమైన కీమోథెరపీని తప్పించేందుకే ఆ ఆగడం.