గుండె ప్రొసీజర్ తర్వాత వాంతులవుతాయేమోనని భయం

గుండె ప్రొసీజర్ చేయించుకోబోతున్న మీరు, దాని కంటే మత్తు దిగాక వాంతులవుతాయేమోనన్న టెన్షనే ఎక్కువగా ఉందన్నారు. చాలామందికి ఉండే భయమే ఇది. జనరల్ అనస్థీషియా (పూర్తిగా నిద్రపుచ్చే మత్తు) తీసుకున్న 10 మందిలో సుమారు 3 మందికి వికారం వస్తుంది, ఎక్కువగా 24 గంటల్లో తగ్గిపోతుంది. యాంజియోగ్రామ్, స్టెంట్ లాంటివి సాధారణంగా లోకల్ అనస్థీషియాతోనే (ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి) చేస్తారు కాబట్టి ఈ బాధ ఇంకా తక్కువ.

మీకు ప్రయాణాల్లో కడుపులో తిప్పుతుందా? ఇంతకుముందు మత్తు తర్వాత వాంతులయ్యాయా? మత్తు డాక్టరుకు ముందే చెప్పండి, మొహమాటం వద్దు. ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి వాంతులు ఆపే మందు ముందుగానే ఇవ్వొచ్చు. అది గుండె లయ మీద కొంత ప్రభావం చూపగలదు, అందుకే మీరు వాడే మందులన్నీ చెప్పాలి. వికారంతో పాటు ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే నర్సును పిలవండి.