దొరువు పూడ్చొద్దు, బుజ్జమ్మా

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు హైదరాబాద్ ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి కృష్ణమ్మ మొగలో ఉన్న ఎదురుమొండి లంకల్లో ఉండబోతున్నావట, స్నేహితులంతా కలిసి డబ్బులు పోగుచేశారట, మంచినీళ్ల ప్లాంటు, సోలార్ దీపాలు, పడవ అంబులెన్సు పెడతారట. వాడికి ఒకటే టెన్షన్. నేను మాత్రం ఫోన్ పెట్టేశాక అరుగు మీద కూర్చుని మీ పెద్దమ్మకి అదే మాట నాలుగుసార్లు చెప్పాను, మన పిల్ల ఏటిమొగ రేవు దాటి పని చేయడానికి వెళ్తోందే అని. తీరా పడుకున్నాక నాకూ నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకుండానే లేచి ఇదంతా రాస్తున్నాను.

సర్పంచిని, సచివాలయం వాళ్లని, తహసీల్దారుని కలువు. చుట్టూ మడ అడవి, అభయారణ్యం హద్దులు ఉన్నాయి కాబట్టి ఒక స్తంభం పాతాలన్నా అటవీశాఖని ముందే అడుగు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. వెళ్లిన మొదటిరోజే తుఫాను షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడుగు. ఒకరి దగ్గరే ఉంటే రెండోది చేయించి ఇంకో ఇంట్లో పెట్టించు. మెట్లు ఎలా ఉన్నాయో చూడు, పైకప్పు కారుతోందేమో చూడు, ముసలివాళ్లు ఎక్కగలరా అని ఇద్దరు ముసలివాళ్లని ఎక్కించి మరీ చూడు. నీ ప్లాంటు నెల ఆలస్యమైనా ఎవరూ చచ్చిపోరు. ఆ తాళం దొరకని రాత్రి ఒక్కటి చాలు.

1977 నవంబరు 19, శనివారం. ఇంట్లో ఈ మాట ఎత్తితే మీ నాయనమ్మ లేచి వెళ్లిపోయేది కాబట్టి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నాకు ఇరవై ఏళ్లు, మీ నాన్నకి ఏడు. గాలి అనుకున్నాం, తుఫాను మాకు కొత్తా అనుకున్నాం, నీళ్లు వస్తాయని మాత్రం అనుకోలేదు. సముద్రం తాడిచెట్టంత ఎత్తున లేచి వచ్చిందని సొర్లగొంది వైపు బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. మీ నాన్నని భుజాన వేసుకుని ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీదికి ఎక్కాను, అందుకే వాడున్నాడు, నువ్వున్నావు. దివిసీమలో ఆ రాత్రి పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ తర్వాతే తీరం వెంట షెల్టర్లు కట్టించారు. అందుకని నాకు దీవి అనగానే ముందు గుర్తొచ్చేది షెల్టర్ తాళం, ఆ తర్వాతే మిగతావన్నీ. ముసలాడి చాదస్తం అనుకున్నా సరే, ఇది చెయ్యి.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇది నా తప్పు కథ, మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1986లో నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆ చుట్టుపక్కలే ఒక ఇసుక దిబ్బ మీద నలభై, యాభై గడపల పల్లె ఉండేది, పేరు రాయను. వాళ్లకి నీళ్లంటే రెండు దొరువులు. నువ్వు దొరువు చూసి ఉండవు. ఇసుకలో గరాటులాగా ఏటవాలుగా తవ్విన గుంట అది, నాలుగైదు అడుగులు దిగితే అడుగున కాసిని తియ్యటి నీళ్లు ఊరుతుంటాయి. ఆడవాళ్లు మూడో జాముకే వెళ్లి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకుని బిందెలో పోసుకునేవాళ్లు. ఒక్కో బిందెకి ఎంతసేపో. నాకు అది చూస్తే ఒళ్లు మండిపోయేది, ఈ రోజుల్లో కూడా ఇదేం బతుకు అని. పట్టుబట్టి బోరు సాంక్షన్ చేయించాను. ఆయిల్ ఇంజను, చిన్న ట్యాంకు, మూడు కుళాయిలు. నీళ్లు పడ్డ రోజున నాకు కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారమ్మా. ఇరవై తొమ్మిదేళ్ల వాణ్ణి, ఇంకేం కావాలి.

అక్కడితో ఆగినా బాగుండేది. ట్యాంకుకి దిమ్మె కట్టడానికి గట్టినేల కావాలన్నారు, పైగా దొరువులో పిల్లలు పడతారని, నీళ్లు మురికని నేనే వాదించి, రెండు దొరువులూ పూడ్పించాను. ఒక ముసలమ్మ అడ్డం కూర్చుంది, ఒక్కటైనా ఉంచు నాయనా అంది. నేను నవ్వి, ఇంక నీకు వంగి తోడే పని లేదు మామ్మా అన్నాను.

రెండో వేసవికి నీళ్లు ఉప్పెక్కాయి. ముందు కొంచెం ఉప్పగా ఉన్నాయన్నారు. నేను గొట్టం ఇంకా కిందికి దించమన్నాను, ఇంజను ఇంకో రెండు గంటలు ఎక్కువ తిప్పమన్నాను. చేయకూడనివి రెండూ చేయించాను. దీవి కింద ఏముందో అప్పుడు నాకు తెలియదు. వానకి ఇసుకలో ఇంకిన మంచినీళ్లు తేలిక కాబట్టి, కింద ఉన్న ఉప్పునీళ్ల మీద తెప్పలాగా తేలుతుంటాయి. సముద్రమట్టానికి అడుగు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే, దాని బరువుకి కింద నలభై అడుగుల దాకా మంచినీళ్లే ఉంటాయని లెక్క. అదే లెక్క తిరగేసి చూడు, పైన అడుగు నీళ్లు లాగేస్తే కింద ఉప్పునీళ్లు నలభై అడుగులు పైకి ఎక్కుతాయి. ఇంజను గబగబా లాగేకొద్దీ గొట్టం కిందే ఉప్పు కుప్పలాగా లేస్తుంది. చిప్పతో తోడేవాళ్లు పైపై నీళ్లే తీసుకునేవాళ్లు, తెప్పకి చిల్లు పడేది కాదు. నేను ఒళ్లు మండి చూసిన ఆ నెమ్మదే అన్నేళ్లుగా దొరువులని కాపాడింది.

మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు ఆ ముసలమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. గ్లాసులో పాలు విరిగి తునకలు తేలుతున్నాయి. ఆ నీళ్లకి పాలు విరుగుతున్నాయి, పప్పు ఉడకడం లేదు. ఆమె ఒక్కమాట అనలేదు. నేను తాగకుండా లేస్తే బాధపడుతుందని తాగేశాను, ఆ ఉప్పు టీ రుచి ఇవాళ్టికీ నోట్లోనే ఉంది. అప్పటికి వాళ్లు పడవ మీద అవతలి ఒడ్డు నుంచి బిందెలు తెచ్చుకుంటున్నారు. దొరువు మళ్లీ తవ్వించాను, ఆఫీసు డబ్బు రాలేదు, మీ పెద్దమ్మ గాజులు రెండు తాకట్టు పెట్టాం. దొరువులో నీళ్లు మళ్లీ తియ్యగా అవడానికి రెండు వానాకాలాలు పట్టింది.

కాబట్టి నీ ప్లాంటు పెట్టు, వద్దనను. కానీ అది పనిచేస్తోంది కదా అని ఉన్న దొరువుని, చెరువుని ఎవరు పూడుస్తామన్నా ఒప్పుకోకు. ప్లాంటుకి నీళ్లు ఎక్కడి నుంచి లాగుతావు, శుద్ధి చేశాక మిగిలే ఉప్పునీళ్లు ఎక్కడ పోస్తావు అని ముందే తేల్చుకో, ఆ వదిలిన నీళ్లు మళ్లీ అదే ఇసుకలోకి ఇంకితే నువ్వూ నా పనే చేసినట్టు. పక్కన ఉప్పునీళ్ల రొయ్యల చెరువులు ఎంత దూరంలో ఉన్నాయో కొలువు. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసేవాళ్లున్నారు, దొరువుల మీదే పనిచేశారు, ఇసుకలో లోతు లేకుండా అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి పైపై మంచినీళ్లని ఒక బావిలోకి చేర్చే పద్ధతి వాళ్లది. నేను ఉద్యోగంలో ఉండగా తెలుసుకోవాల్సింది. నువ్వు బస్సెక్కి వెళ్లు. లక్షద్వీప్‌లో, కవరత్తిలో, 2005 నుంచి సముద్రం నీళ్లనే మంచినీళ్లు చేస్తున్నారని ఎవరైనా చెబితే ఆశపడకు, అది సముద్రపు నీటి ఆవిరిని లోతు నుంచి తెచ్చిన చల్లటి నీళ్లతో చల్లార్చే పద్ధతి, దానికి ఒడ్డుకి దగ్గర్లోనే చాలా లోతైన చల్లటి సముద్రం ఉండాలి, మన కృష్ణమ్మ మొగలో అంతా మేట. మనకి ఉన్నది వాన. ఏడాదికి సుమారు మీటరు వాన పడే చోటు ఇది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద సెంటీమీటరు వాన కురిస్తే తొమ్మిది వందల లీటర్ల పైనే వస్తాయి. బడి కప్పు, షెల్టర్ కప్పు, రెండింటికీ గొట్టాలు, తొట్టెలు పెడితే ఎండాకాలంలో బడి పిల్లలకైనా తాగడానికి ఉంటాయి.

సోలార్ దీపాలకి మామూలు ఇనప బోల్టులు వాడొద్దు, ఉప్పుగాలికి రెండేళ్లలో పొడి అయిపోతాయి. తుప్పు పట్టని స్టీలువే వాడు. వాటిని బాగుచేసే పని ఊళ్లో పదో తరగతి చదివిన ఇద్దరు పిల్లలకి నేర్పు, ఒక్కడికే నేర్పితే వాడు పెళ్లి చేసుకుని విజయవాడ వెళ్లిపోతాడు.

పడవ అంబులెన్సు గురించి వినగానే గుండె ఝల్లుమంది. మంచి ఆలోచనే. కానీ పడవ కొనే ముందు అమావాస్యకి, పౌర్ణమికి ఆటు పూర్తిగా తీసినప్పుడు రేవులో నిలబడి చూడు. నీళ్లు ఎంత వెనక్కి పోతాయో, మోకాలి లోతు బురద ఎంత దూరం ఉంటుందో. నొప్పులు పడుతున్న మనిషిని ఆ బురదలో మంచం మీద మోస్తారు. పడవ కంటే ముందు, ఆటులో కూడా పడవ ఆనే ర్యాంపు కావాలి. ఇంకో మాట, ఊరి నర్సమ్మ, అదే ఏఎన్ఎం దగ్గర నెలలు నిండబోయే వాళ్ల లిస్టు ఉంటుంది. పది, పదిహేను రోజుల ముందే నాగాయలంకలోనో అవనిగడ్డలోనో ఒక గది అద్దెకి తీసుకుని వాళ్లని ఉంచితే, సగం రాత్రిళ్లు పడవ అవసరమే రాదు. ఆ గది అద్దె నేను ఇస్తాను, మీ పెద్దమ్మ వంట చేసి పెడతానంటోంది.

రేవు దాటించే పంటు నడిపేవాళ్లతో, నాటుపడవల వాళ్లతో తగువు పెట్టుకోకు. నీ పడవ వాళ్ల పొట్ట కొట్టడానికి కాదని ముందే చెప్పు, నడిపే పని వాళ్లలోనే ఒకరికి ఇవ్వు, ఏ కాలంలో మేట ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలుసు. 2006లో పెనుమూడి–పులిగడ్డ వారధి అయ్యాక రేపల్లె మనకి పక్కిల్లు అయిపోయింది, ఎదురుమొండికి కూడా వంతెన అని నా ఉద్యోగకాలం నుంచీ వింటున్నాను. వస్తే సంతోషం. నువ్వు మాత్రం వంతెన లేని రాత్రినే లెక్కలో పెట్టుకుని పనిచెయ్యి.

చీకటి పడ్డాక నువ్వు రేవు దాటొద్దు. ఎంత పనున్నా సరే. లైఫ్ జాకెట్ లేకుండా పడవలో కాలు పెట్టొద్దు, పక్కవాళ్లు నవ్వినా సరే. నీకు ఈత రాదు. తప్పు నీది కాదు, మీ నాన్నది కాదు, ఉప్పెన తర్వాత మన ఇంట్లో ఏ పిల్లనీ నీళ్లలో దిగనివ్వలేదు నేను. నీకు తొమ్మిదేళ్లప్పుడు కాలవ గట్టు మీద నిన్ను కొట్టాను, గుర్తుందా, పక్కింటి పిల్లలతో దిగావని. ఆ దెబ్బ ఇన్నేళ్లూ నాకు గుర్తుంది.

వెళ్లేముందు ఇక్కడికి రా. పదిహేను రోజులు ఉండు. కాలవకి నీళ్లు వదిలారు, ఈ నెలంతా నడుంలోతు ఉంటాయి. పొద్దున్నే జనం లేనప్పుడు దిగుదాం, ఈత నేను నేర్పుతాను.

మీ పెదనాన్న