డాంపర్ కొనే ముందు స్క్రూలు చూడండి
విలువిద్య: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు
(డాంపర్ అంటే, విల్లుకు ముందూ పక్కలా బిగించే స్టెబిలైజర్ రాడ్లకు తగిలించే, అదురు తగ్గించే రబ్బరు భాగం.)

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. 66 అంగుళాల రికర్వ్ విల్లు, లాగే బరువు 26 పౌండ్లు. 28 అంగుళాల లాంగ్ రాడ్, 10 అంగుళాల సైడ్ రాడ్లు రెండు. బాణం వదలగానే విల్లు జివ్వుమంటోంది, ఆ అదురు చేతికి తెలుస్తోందట. మూడు రాడ్లకూ మూడు డాంపర్లు పెట్టించమని షాపులో అన్నారు. ఏ రకం కొనాలి?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: మూడు వద్దు. బహుశా ఒకటి కూడా అక్కర్లేదు. 26 పౌండ్ల విల్లు అంతగా జివ్వుమంటోందంటే, ఎక్కడో ఏదో వదులైందని మొదట అనుమానించాలి. సైట్ (గురి చూసే పరికరం), క్లిక్కర్ (బాణం సరిపడా లాగగానే టిక్కుమనే పట్టీ), వీ బార్ (సైడ్ రాడ్లను పట్టే ముక్క) బోల్టు, రాడ్ల చివర వెయిట్స్ ఒక్కొక్కటీ వేలితో కదిపి చూడండి. తర్వాత సైట్ తీసేసి, దగ్గర నుంచి నాలుగు బాణాలు వేయించండి. మోత తగ్గితే దొంగ దొరికినట్టే.

అప్పటికీ పోకపోతే బ్రేస్ హైట్, అంటే విల్లు పట్టు నుంచి స్ట్రింగ్ దాకా ఉన్న దూరం, కొలవండి. 66 అంగుళాల విల్లుకు సాధారణంగా 8 పావు, 8 ముప్పావు అంగుళాల మధ్య ఉంటుంది. లింబ్స్ (విల్లు వంగే రెండు కొమ్మలు) కంపెనీ వేరే హద్దు చెబితే అదే పాటించండి. స్ట్రింగ్‌కు ఒక్కోసారి మూడు నాలుగు మెలికలు పెంచుతూ బాణాలు వేయిస్తే, ఒకచోట విల్లు మోత బాగా తగ్గుతుంది. అక్కడ ఆపండి. బాణం మరీ తేలికైనదైనా అదురు ఎక్కువే: పౌండ్‌కు 5 గ్రెయిన్ల (బాణం బరువు కొలత) కన్నా తక్కువ బరువు పనికిరాదు.

ఇవన్నీ సరిచూశాక కూడా అదురుంటే లాంగ్ రాడ్‌కు ఒక్క డాంపర్ చాలు. దాని స్థానం రాడ్ చివరకూ వెయిట్స్‌కూ మధ్య. దాని ముందు బరువుంటేనే లోపలి రబ్బరు ఊగి అదురును మింగుతుంది. బరువు లేకుండా ఊరికే తగిలిస్తే అలంకారమే. వెయిట్స్ తక్కువైతే మెత్తనిది, పెరిగేకొద్దీ గట్టిది. డాంపర్‌కూ సొంత బరువుంటుంది కాబట్టి వంటింటి త్రాసులో తూచి, దాదాపు అంత వెయిట్ తీసేయండి. లేకపోతే 14 ఏళ్ల భుజం మీద కొత్త భారం పడుతుంది, పైగా విల్లు ముందుకు వాలడం మొదలవుతుంది.

దీంతో పాయింట్లు పెరుగుతాయని మాత్రం ఆశించకండి. వదిలాక బాణం స్ట్రింగ్‌ను దాటిపోవడానికి సెకనులో 50వ వంతు అటూ ఇటూ పడుతుంది. డాంపర్ పని చాలావరకు ఆ తర్వాతిదే: చేతికి హాయి, స్క్రూలు వదులవకుండా కాస్త రక్ష. గురి నిలకడ రాడ్ పొడవులోంచి, బరువులోంచి వస్తుంది.

ప్రశ్న: కాంపౌండ్ (కప్పీలున్న) విల్లుతో 50 మీటర్లు వేస్తాను. ముందు రాడ్‌కు డాంపర్ పెట్టాక ఫుల్ డ్రాలో (స్ట్రింగ్ పూర్తిగా లాగి పట్టినప్పుడు) సైట్ డాట్ టార్గెట్ మధ్య పసుపులో నిలవడం లేదు. చివర సుమారు 350 గ్రాముల వెయిట్స్ ఉన్నాయి.
– కొంపల్లి

జవాబు: ఆ బరువుకు మీ డాంపర్ మెత్తనైంది. రాడ్‌ను అడ్డంగా పట్టుకుని పక్కనుంచి చూడండి: వెయిట్స్ కిందికి వాలి కనిపిస్తాయి. వేలితో ఒక్కటి తట్టండి. వెంటనే ఆగకుండా ఊగుతూనే ఉంటే, గాలికి కూడా అలాగే ఊగుతాయి. గట్టి రకానికి మారండి, లేదా తీసేయండి. ఏది మంచిదో తేల్చడానికి డాంపర్‌తో మూడు ఎండ్లు (విడతల బాణాలు), లేకుండా మూడు ఎండ్లు వేయండి. మధ్యలో ఇంకేమీ మార్చొద్దు.

కొత్తది కొనేటప్పుడు త్రెడ్ చూసుకోండి. రైజర్ (విల్లు మధ్య పట్టుకునే భాగం) వైపు సాధారణంగా 5/16 అంగుళం, అంగుళానికి 24 మరలు. చాలా టార్గెట్ రాడ్లకు వెయిట్స్ వైపు 1/4 అంగుళం, 20 మరలు. ఆ సన్న స్క్రూ పెద్ద రంధ్రంలోకి దూరుతుంది గానీ పట్టదు. రాడ్‌ను షాపుకు తీసుకెళ్లి బిగించి చూసి కొనడమే మేలు.

ప్రశ్న: డాంపర్ రబ్బరు లోహం దగ్గర విడిపోతోంది. గ్లూతో అతికించవచ్చా?
– ఎల్బీ నగర్

జవాబు: వద్దు. ప్రతి బాణానికీ లాగుడు పడే చోటు అది; అతుకు వదిలిన రోజు వెయిట్స్ కింద పడతాయి, కాలి మీదో పక్కవాళ్ల రాడ్ మీదో. కొత్తది కొనండి. ఇలా విడిపోవడానికి ఎక్కువగా బిగింపే కారణం. వెయిట్స్ పట్టుకుని తిప్పి మొత్తం బిగిస్తే మెలి అంతా రబ్బరు మీదే పడుతుంది. రాడ్‌కు బిగించేటప్పుడు రాడ్ వైపు లోహాన్నీ, వెయిట్స్ బిగించేటప్పుడు వెయిట్స్ వైపు లోహాన్నీ పట్టుకోండి. వదులవుతుంటే త్రెడ్ మీద ఒక చుట్టు టెఫ్లాన్ టేపు చాలు. మే నెలలో మన హైదరాబాద్ ఎండలో మూసిన కారులో కిట్ వదిలేయడం కూడా రబ్బరు ఆయుష్షు తీస్తుంది. తుడవడానికి సబ్బు నీళ్లు వాడండి. పెట్రోలు, నూనె తగలనివ్వకండి.

ప్రశ్న: బేర్‌బో (సైట్ లేని రికర్వ్) విభాగంలో పొట్టి రాడ్, డాంపర్ వాడొచ్చా?
– మెహదీపట్నం

జవాబు: బేర్‌బోలో స్టెబిలైజర్ నిషిద్ధం. వెయిట్ మధ్యలో డాంపర్ లేకుండా నేరుగా రైజర్‌కే బిగించుకోవాలి. స్ట్రింగ్ విప్పిన విల్లు, దాని మీదున్న సామానుతో సహా 12.2 సెంటీమీటర్ల రింగులోంచి దూరాలి.